బాకీ వసూలుకు బయలుదేరే ముందు...

శుక్రవారం సాయంత్రం మాలియా వైపు వెళితే మనవాళ్ళు గుంపులు గుంపులుగా కనిపిస్తారు. ఊరి కబుర్లు, వీసా కబుర్లు, బంగారం ధర... వీటి మధ్య తరచు వినిపించే మాట ఇంకొకటుంది. "ఇచ్చి రెండేళ్ళయిందండీ, ఫోను కూడా ఎత్తడం లేదు. ఇక కేసు వేసేస్తాను."

కేసు వేయడం తప్పేమీ కాదు, అది మన హక్కు. కాని హక్కు వేరు, వసూలు వేరు. గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడిస్తే ఓడినవాడు కోర్టులోనే ఏడ్చాడని మన పెద్దలు ఊరికే అనలేదు. అప్పు ఇచ్చేటప్పుడు మొహమాటంతో లెక్క వేయలేదు సరే, కనీసం వసూలుకు బయలుదేరే ముందైనా లెక్క వేసుకోవద్దా?

బ్యాంకుకే తిప్పలు తప్పలేదు

2024 డిసెంబరులో వచ్చిన వార్త చాలామందికి గుర్తుండే ఉంటుంది. కువైట్‌లోని గల్ఫ్ బ్యాంకు అధికారులు కేరళ దాకా వెళ్ళి పోలీసులకు ఫిర్యాదు చేశారు. సుమారు 1,425 మంది మలయాళీలు, వారిలో 700 మందికి పైగా నర్సులు, అప్పులు తీసుకుని దేశం వదిలి వెళ్ళారని, మొత్తం బాకీ దాదాపు 700 కోట్ల రూపాయలని అప్పట్లో పత్రికలు రాశాయి. మొదట కేసులు నమోదైంది మాత్రం పది మంది మీదే.

అప్పిచ్చేటప్పుడు ఆ బ్యాంకు జీతం సర్టిఫికెట్ చూసింది, సంతకాలు తీసుకుంది. దానికి న్యాయవాదుల బలగం ఉంది. అయినా బాకీదారు విమానం ఎక్కాక పరాయి దేశంలో ఇల్లిల్లూ వెతుక్కోవాల్సి వచ్చింది. గదిలో పక్క మంచం మీది స్నేహితుడికి నోటిమాట మీద అప్పిచ్చిన మన సంగతేమిటి?

కాగితం మీది అంకె సొమ్ము కాదు

కువైట్ చరిత్రలోనే దీనికి పెద్ద పాఠం ఉంది. 1982లో సూక్ అల్ మనాఖ్ అనే అనధికార షేర్ మార్కెట్ కుప్పకూలింది. ముందు తేదీలు వేసిన చెక్కులతోనే అక్కడ వ్యాపారం నడిచేది. చెక్కులన్నీ కలిపి చూస్తే తేలిన మొత్తం సుమారు 9,400 కోట్ల డాలర్లు! చెక్కులు నిజమైనవే, సంతకాలూ నిజమైనవే. లేనిది వాటి వెనక సొమ్ము. ఆ అప్పుల చిక్కులు విప్పడానికి ప్రభుత్వానికే ఏళ్ళు పట్టింది.

కాబట్టి మన దగ్గరున్న ప్రోనోటు మీద ఎంత రాసి ఉందన్నది మొదటి ప్రశ్న కాదు. అవతలి వాడి దగ్గర ఎంత ఉందన్నదే మొదటి ప్రశ్న.

ఇవ్వలేనివాడా, ఇవ్వనివాడా?

కువైట్ కార్మిక చట్టం (2010 నాటి 6వ నంబరు) ప్రకారం అప్పుల కింద జీతంలో నాలుగో వంతుకు మించి జప్తు చేయడానికి వీల్లేదు. బాకీదారు జీతం 120 దినార్లు అనుకోండి. నెలకు వచ్చేది 30 దినార్లు. 1,500 దినార్ల బాకీ తీరడానికి 50 నెలలు పడుతుంది. అదీ అంతకాలం ఉద్యోగం నిలిస్తేనే, మనకంటే ముందు వేరే అప్పులవాడు వరసలో లేకపోతేనే.

ఇక ప్రయాణ నిషేధం. బాకీదారు దేశం దాటిపోకుండా కోర్టు ద్వారా ఆపించవచ్చు. పారిపోయే ఆలోచనలో ఉన్నవాడి విషయంలో ఇది గట్టి ఆయుధమే. కాని ఉద్యోగం పోయి, అకామా గడువు దాటిన వాడి మీద దీన్ని ప్రయోగిస్తే? అతను ఇక్కడ సంపాదించలేడు, ఊరికి వెళ్ళి పొలమో స్థలమో అమ్మి తేలేడు. గోరుచుట్టు మీద రోకలిపోటు అంటే ఇదే. మన డబ్బూ అతనితో పాటే ఇరుక్కుపోతుంది.

2020 నాటి దివాలా చట్టంతో తొలగించిన బాకీదారు నిర్బంధాన్ని కువైట్ 2025లో మళ్ళీ తెచ్చింది. ఉండీ ఎగ్గొట్టేవాడికి ఇది భయమే. లేనివాడిని లోపల పెడితే మాత్రం పైసా రాదు.

ఏ కాగితం, ఏ కోర్టు?

ఇక్కడి కోర్టుల్లో వ్యవహారమంతా అరబిక్‌లోనే. తెలుగులో రాసుకున్న పత్రమైనా, వాట్సప్‌లో "వచ్చే నెల ఇస్తాను అన్నా" అన్న మెసేజీ అయినా అనువాదం చేయించాల్సిందే. మనలో చాలామందికి తెలియని సంగతి మరొకటి: కువైట్ సివిల్ చట్టం ప్రకారం వ్యక్తుల మధ్య చేబదులుకు వడ్డీ షరతు చెల్లదు. నూటికి రెండు రూపాయల వడ్డీ అని రాసుకున్న కాగితం పట్టుకుని కోర్టుకు వెళితే అసలు గురించి మాత్రమే మాట్లాడుకోవాలి.

బాకీదారుకు ఊర్లో ఆస్తి ఉంటే అక్కడే దావా వేయడం మేలు కావచ్చు. అక్కడ ప్రోనోటుకు గడువు సాధారణంగా మూడేళ్ళు. ఆ గడువు దాటకముందే బాకీ ఉన్నానని సంతకం చేసి రాసిస్తే మళ్ళీ మూడేళ్ళు లెక్కకు వస్తాయి. బాకీదారు భారతదేశంలో లేని కాలాన్ని గడువులోంచి మినహాయించే వీలు కూడా కాలపరిమితి చట్టంలో ఉంది. భారత బ్యాంకు చెక్కు బౌన్స్ అయితే మాత్రం గడియారం వేగంగా తిరుగుతుంది. సమాచారం అందిన 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి, 15 రోజులు ఆగాలి, ఆ తర్వాత నెలలోగా ఫిర్యాదు చేయాలి.

మన మీదికే వచ్చే ముప్పు

కోపంలో కొందరు చేసే పనులు బాకీ కన్నా ఖరీదవుతాయి. పాస్‌పోర్టు తాకట్టుగా దాచుకోవడం అందులో ఒకటి. అది భారత ప్రభుత్వ ఆస్తి. ఫోటో పెట్టి గ్రూపులో "మోసగాడు" అని రాయడం, రాత్రిళ్ళు ఫోను చేసి బెదిరించడం మరొకటి. ఫోన్ దుర్వినియోగం మీద 2001లో, సైబర్ నేరాల మీద 2015లో కువైట్ చట్టాలు చేసింది. న్యాయం మన పక్షానే ఉండి కూడా మనమే నిందితులం కావచ్చు.

మన ఉద్యోగం ఎంతకాలమో కూడా చూసుకోవాలి. జీతాలు అందక ఇక్కడ చిక్కుకున్న ఖరాఫీ నేషనల్ కంపెనీ కార్మికుల్లో చాలామంది 2018 క్షమాభిక్ష సమయంలో బకాయిలు రాకుండానే ఇంటిదారి పట్టారు. బాకీ కోసం ఆగడమా, బతుకు చూసుకోవడమా అన్న ప్రశ్న ఎప్పుడు ఎవరికి వస్తుందో తెలియదు.

ఒక చిన్న లెక్క

2,000 దినార్ల బాకీ. తీర్పు మనకు వచ్చే అవకాశం నూటికి 80, వచ్చాక సొమ్ము చేతికి అందే అవకాశం నూటికి 40 అనుకుందాం. రెండూ కలిపి చూస్తే నూటికి 32. అంటే ఈ రోజు ఆ బాకీ విలువ 640 దినార్లు. లాయరు, అనువాదం, సెలవుల ఖర్చు 300 పోతే మిగిలేది 340. అవతలి వాడు 900 కట్టి ముగిస్తానంటే, "పైసా తగ్గను" అనడం పౌరుషమే కావచ్చు, తెలివి మాత్రం కాదు. అదే బాకీదారుకు మంచి ఉద్యోగం, ఊర్లో ఇల్లు, మన దగ్గర బ్యాంకు ట్రాన్స్‌ఫర్ రసీదు ఉంటే లెక్క తిరగబడుతుంది. అప్పుడు ఆలస్యం చేయడమే తప్పు.

నాకు తెలిసిన ఒక ఇంజనీరు గారు తమ ఊరి కుర్రవాడికి 1,200 దినార్లు ఇచ్చారు. వకాలత్ దాకా వెళ్ళి ఆగిపోయారు. అతన్ని కూర్చోబెట్టి, బాకీ ఒప్పుకుంటున్నట్టు అరబిక్‌లోనూ తెలుగులోనూ రాయించి, నెలకు 40 దినార్లకు ఒప్పించారు. రెండు నెలలు తప్పాడు, మూడో నెల కలిపి ఇచ్చాడు. "వడ్డీ పోయింది, రెండున్నరేళ్ళు పట్టింది. కాని పండక్కి ఊరెళితే వాళ్ళ నాన్న ఎదురొచ్చి పలకరిస్తాడు" అన్నారాయన.

ఆ పలకరింపు ఏ డిక్రీలోనూ రాదు. అలాగని ప్రతి బాకీ వదిలేసుకోమని కాదు. ఉన్నవాడిని వదలొద్దు, లేనివాడిని ముంచొద్దు. ఈ రెంటి తేడా తెలుసుకున్నాకే లాయరు గడప తొక్కండి.