మన ఊరికి ఆర్చి వద్దు, సొంత కరెంటు కావాలి

పోయిన ఆగస్టు 15న మా ఊరి గ్రామసభకు నేను కూడా పోయినాను. సాంఘిక శాస్త్రం సార్ గ్రామసభ పాఠం చెప్పి, ఒకసారి పోయి చూసి రండి అన్నారు. చూసి రమ్మంటే కాల్చి వచ్చినట్టు, నేను మాట్లాడి వచ్చినాను. దానికి మా నాయన నన్ను ఇప్పటికీ ఎగతాళి చేస్తానే ఉన్నాడు.

విషయం ఇది. చెరువు చేపల వేలం, చింతచెట్ల వేలం, జాతర చందాలో మిగిలింది అన్నీ కలిపి మా ఊరి ఉమ్మడి డబ్బు 4 లక్షలు ఉంది. దానికి ఇంటింటికీ ఇంకో 2 లక్షలు వసూలు చేసి, రోడ్డు మీద ఊరికి స్వాగతం చెప్పే ఆర్చి కట్టాలని పెద్దలు అనుకున్నారు. అదే సభలో పంచాయతీ లెక్కలు చదివినారు. నీళ్ల మోటరుకు, వీధిదీపాలకు కట్టాల్సిన కరెంటు బిల్లు బాకీ పడిందంట. అందుకే మాడిపోయిన బల్బులు మార్చలేదంట. నేను సాయంత్రం బస్సు దిగి ఇంటికి నడిచే దారిలో ఏడు స్తంభాలు ఉన్నాయి, వెలిగేది రెండే. ఆర్చి వస్తే ఆ చీకట్లో మా ఊరి పేరు ఎవరు చదువుతారు?

అదే లేచి అడిగినాను. ఆ 4 లక్షలతో పంచాయతీ ఆఫీసు మిద్దె మీద సోలార్ పెట్టకూడదా అన్నాను. కొందరు నవ్వినారు. ఒక మామ, “ఏమ్మా, కరెంటు గవర్నమెంటే ఊరికే ఇస్తా ఉంటే మనకెందుకమ్మా ఈ పని?” అన్నాడు. అక్కడ నాకు జవాబు రాలేదు. ఇక్కడ చెప్తాను.

మామా, మన రాష్ట్రంలో సేద్యం మోటరుకు కరెంటు ఉచితం, నిజమే. ఇళ్లకు కూడా కొన్ని యూనిట్లు ఉచితం, అదీ నిజమే. పంచాయతీకి మాత్రం ఉచితం లేదు. మనం తాగే నీళ్లు ట్యాంకుకు ఎక్కించినందుకు, వీధిలో దీపం వెలిగినందుకు పంచాయతీ యూనిట్‌కు 8 రూపాయలకు పైనే కడుతుంది. ఆ డబ్బు మన ఇంటి పన్నే కదా. జేబులోంచి పోతే తెలుస్తుంది, పంచాయతీ పెట్టెలోంచి పోతే మనకు తెలియడం లేదు, అంతే తేడా.

లెక్క కూడా వేసినాను. మన పక్క ఒక కిలోవాటు సోలార్ రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తుంది. 10 కిలోవాట్లు అయితే 40, ఏడాదికి 14,600 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలని వేసుకున్నా లక్షా 16 వేలకు పైన మిగులుతుంది. కిలోవాటుకు 60 వేలు అనుకుంటే ఖర్చు 6 లక్షలు, అంటే సరిగ్గా ఆర్చి ధరే! ఐదారేళ్లలో పెట్టిన డబ్బు తిరిగొస్తుంది. పలకలకు 25 ఏళ్ల వారంటీ ఇస్తున్నారు. మధ్యలో ఇన్వర్టరు ఒకసారి మార్చాల్సి రావచ్చు, దుమ్ము కడగాలి. ఆర్చికి కూడా సున్నం కొట్టాలి కదా.

పంచాయతీ ఇట్లాంటివి చేయగలదా అని అనుమానం ఉన్నవాళ్లు ఓడందురై గురించి తెలుసుకోవాలి. అది ఎక్కడో విదేశంలో లేదు, కోయంబత్తూరు జిల్లాలో మేట్టుపాళయం పక్కన ఉంది. ఆర్. షణ్ముగం అనే ఆయన ప్రెసిడెంటుగా ఉన్నప్పుడు, 2006లో ఆ పంచాయతీ 350 కిలోవాట్ల గాలిమర కొనింది. ఖరీదు 1 కోటి 55 లక్షలు. అందులో 40 లక్షలు పంచాయతీ కూడబెట్టిన డబ్బు, మిగిలిన 1 కోటి 15 లక్షలు బ్యాంకు అప్పు. ఊరి అవసరానికి పోగా మిగిలిన కరెంటును విద్యుత్ బోర్డుకు అమ్మినారు. దాన్నుంచి ఏడాదికి 19 లక్షల దాకా ఆదాయం వస్తోందని పత్రికలు రాసినాయి.

దీంట్లో నాకు నచ్చింది ఇంకొకటి ఉంది. ఆ గాలిమర ఓడందురైలో లేనే లేదు! పాలక్కాడు కనుమలోంచి గాలి బాగా తోసుకొచ్చే ఉడుమలపేట వైపు పెట్టినారు. ఊరు ఒకచోట, గాలి ఇంకోచోట. కాబట్టి “మన ఊర్లో అంత గాలి యాడిదమ్మా” అనే మాట కూడా చెల్లదు.

మరి ఓడందురై పేరే అందరూ ఎందుకు చెప్తారు? రాష్ట్రంలో వేల పంచాయతీలు ఉన్నాయి, అన్నీ ఎందుకు కొనలేదు? వాళ్లకు తెలివి లేకనా? నేను అట్లా అనుకోను. మా చిన్నాయన కోయంబత్తూరులో ఒక నూలు మిల్లులో లెక్కలు రాస్తాడు. ఆయన చెప్పినాక నాకు అర్థమైంది. గాలిమరలు కొన్న మిల్లులు, కంపెనీలకు ఆదాయపు పన్నులో ఒక వెసులుబాటు ఉంది. ఓడందురై కొన్న కాలంలో గాలిమర ఖరీదులో 80 శాతం వరకు ఒకే ఏడాది తరుగుదలగా చూపించి, అంత లాభానికి పన్ను తగ్గించుకోవచ్చు. 2017 నుంచి అది 40 శాతం అయింది. ఇది పన్ను కట్టేవాళ్లకే పనికొస్తుంది. పంచాయతీ ఆదాయపు పన్ను కట్టదు కాబట్టి దానికి పైసా సాయం లేదు. లాభం ఉన్న మిల్లుకు సాయం చేసి, బాకీ ఉన్న ఊరికి చెయ్యకపోవడం ఏం న్యాయం?

ఇళ్లకు ఇచ్చే సాయం కూడా చూడండి. 2024లో వచ్చిన సూర్య ఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78 వేలు సబ్సిడీ ఉంది. మంచిదే. కానీ సొంత మిద్దె ఉండాలి, మిగిలిన డబ్బు చేతిలో ఉండాలి. రేకుల ఇంట్లో ఉండేవాళ్లు, బాడుగ ఇంట్లో ఉండేవాళ్లు ఏం చెయ్యాలి? ఊరంతా కలిసి ఒకచోట పెట్టుకుంటేనే వాళ్లకు భాగం దొరుకుతుంది. 2019 నాటి కుసుమ్ పథకంలో రైతు సంఘాలు, పంచాయతీలు కూడా సోలార్ కేంద్రం పెట్టవచ్చని ఉంది. అయితే మొదట్లో అది 500 కిలోవాట్ల నుంచే ఉండింది. అంటే కోట్ల మాట.

మా ఊరి సొసైటీ నగలు పెట్టుకొని అప్పు ఇస్తుంది, పంటకు ఇస్తుంది, ఆవుకు ఇస్తుంది. పంచాయతీకి నగలు లేవు. కానీ నెలనెలా మిగిలే కరెంటు బిల్లు ఉంది, దాన్నే కంతుగా కట్టుకోమని తక్కువ వడ్డీకి ఇవ్వొచ్చు కదా. ఆవైనా వట్టిపోతుంది, సూర్యుడు పోడు. మా ఊరికి కావాల్సిన అప్పు 2 లక్షలే.

“అప్పులెందుకు, ఎవరైనా కంపెనీ వచ్చి పెడితే మనం స్థలం ఇస్తే చాలు” అని కూడా సభలో ఒకరు అన్నారు. మా పెద్దమ్మ వాళ్లది కర్ణాటకలో పావగడ తాలూకా. అక్కడ కూడా మనలాగే తెలుగు మాట్లాడేవాళ్లే ఎక్కువ. 13 వేల ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు కట్టినారు. రైతుల భూమిని కొనకుండా ఎకరాకు ఏడాదికి 21 వేలు బాడుగ అని మొదలుపెట్టి, రెండేళ్లకు ఒకసారి 5 శాతం పెంచుతారు. కరువు సీమలో అది చిన్న డబ్బు కాదు, నేను తక్కువ చేసి చెప్పను. కానీ కరెంటు అమ్మిన లాభం కంపెనీది. భూమి లేని కూలోళ్లకు బాడుగ రాదు, ఆ చేలల్లో దొరికే కూలీ కూడా పోయింది. భూమి మనది, ఎండ మనది, మనం మాత్రం బాడుగ తీసుకునేవాళ్లమా?

ఒక తాత అడిగిన మాటకు మాత్రం నేను తల ఒంచుకున్నాను. “అప్పుడెప్పుడో సోలార్ దీపాలు పెట్టినారు కదా పాపా, ఏమైనాయి?” అన్నాడు. బ్యాటరీలు కొన్ని చెడిపోయినాయి, కొన్ని దొంగలు ఎత్తుకుపోయినారు. నిజం. కానీ అవి ఎవరో ఇచ్చిపోయినవి, లెక్క అడిగేవాళ్లు లేరు. నేను చెప్పేది బోర్డు లైనుకే కలిపేది, దానికి బ్యాటరీ అక్కర్లేదు. మన డబ్బు పెట్టినాక, ఈ నెల ఎన్ని యూనిట్లు వచ్చినాయని ప్రతి గ్రామసభలో చదవమంటే చాలు. లెక్క రాసేదానికి మా పదో తరగతి పిల్లలం ఉన్నాం.

అక్టోబర్ 2న మళ్లీ గ్రామసభ. 18 ఏళ్లు నిండలేదు కాబట్టి నాకు ఓటు లేదు. ఈ లెక్క కాగితం మా నాయన చేతికి ఇచ్చినాను, చదువుతానో లేదో అంటున్నాడు. మా అవ్వ మాత్రం చెయ్యెత్తుతానని మాట ఇచ్చింది. కానీ ఆర్చి లేకపోతే గంగమ్మ బొమ్మ ఎక్కడ పెడతారని అడుగుతా ఉంది. పంచాయతీ ఆఫీసు గోడ మీద గీయిద్దాంలే అవ్వా అని చెప్పినాను.