రెండోసారి పిలిస్తే...

"మామా, ఓ రెండు వేలు కొట్టవా? సోమవారం ఇచ్చేస్తా."

పోయిన ఐపీఎల్ టైంలో నా రూమ్మేట్ ఇలా అడిగితే ఏమీ ఆలోచించకుండా పంపేశా. చిన్న మంగళారంలో హాస్టల్ పిల్లాడికి అంత ఖర్చేముంటుంది అని అప్పుడు తట్టలేదు. తర్వాత తెలిసింది, సెమిస్టర్ ఫీజంతా బెట్టింగ్ యాప్‌లో పోగొట్టుకున్నాడని.

వాడికి లెక్కలు రాక కాదు. ప్రాబబిలిటీలో నాకంటే ఎక్కువ మార్కులు. అందుకే అంటున్నా, వ్యసనం తెలివితక్కువతనం కాదు. సైకాలజిస్ట్ స్కిన్నర్ ప్రయోగాల్లో, గింజ ఎప్పుడు పడుతుందో తెలియనప్పుడు పావురం బటన్‌ను పొడుస్తూనే ఉండేది. బెట్టింగ్ యాప్ కిటుకూ అదే. పైగా "ఒక్క రన్‌లో పోయింది" అనిపిస్తే అది ఓటమిలా ఉండదు, గెలుపు దగ్గరికొచ్చినట్టు ఉంటుంది. 2013లో వచ్చిన డీఎస్ఎం-5లో అమెరికా సైకియాట్రిస్టులు జూదాన్ని మద్యం, డ్రగ్స్ వ్యసనాల సరసన చేర్చారు. మన పెద్దలైతే సప్త వ్యసనాల్లో ఎప్పుడో చేర్చేశారు.

భారతంలో నన్ను భయపెట్టేది ధర్మరాజు మొదటి ఓటమి కాదు. ద్రౌపదికి వరాలిచ్చాక ధృతరాష్ట్రుడు పోయినదంతా తిరిగిచ్చేశాడు. అయినా మళ్లీ పిలవగానే ధర్మరాజు వెళ్లి కూర్చున్నాడు. పెద్దల మాట కాదనకూడదని కారణం కూడా చెప్పుకున్నాడు. మావాడికీ ఇంట్లోవాళ్లు అప్పు చేసి మళ్లీ ఫీజు పంపారు. పది రోజులు తిరక్కుండానే అదీ యాప్‌లోకే వెళ్లింది. వాడి కారణం: "పోయినవి రాగానే మానేస్తా."

నా దృష్టిలో అసలు గుర్తు ఆ మాటే. ఎంత పెట్టాడన్నది కాదు, పోయింది రాబట్టడానికి మళ్లీ పెడుతున్నాడా అన్నది చూడాలి. మిగతావి దాని వెంటే వస్తాయి: పందెం పెరుగుతుంది, మనం రాగానే ఫోన్ బోర్లా పడుతుంది, అప్పులకు అబద్ధాలు తోడవుతాయి, ఆపమంటే చిరాకు, రాత్రుళ్లు నిద్ర ఉండదు.

చట్టం లేదా అంటే ఉంది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని తెలంగాణ 2017లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. కానీ యాప్‌లు పేరు మార్చుకుని ఇంకో లింకుతో వస్తాయి. రూమ్‌లో పక్క మంచం మీద ఉండేది మాత్రం మనమే.

నేను చేసిన తప్పు, రెండోసారి అడిగినప్పుడూ డబ్బు పంపడం. అది సాయం అనుకున్నా. కావాలంటే మెస్ బిల్లు మనమే కడదాం, చేతికి మాత్రం పైసా ఇవ్వొద్దు. "బుద్ధి లేదా?" అని తిట్టొద్దు, తిడితే ఇంకా దాస్తాడు. పక్కన కూర్చుని టెలీ మానస్ 14416కి ఫోన్ చేయించండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. చచ్చిపోవాలనిపిస్తోందని అంటే మాత్రం ఒంటరిగా వదలొద్దు, వెంటనే ఇంట్లోవాళ్లకు చెప్పండి.

మావాడు ఫోన్ చేశాడు. పూర్తిగా బయటపడ్డాడని చెప్పను, మ్యాచ్ ఉన్న రోజు ఫోన్ నా దగ్గర పెడుతున్నాడు, అంతే.

ధర్మరాజు రెండోసారి వెళ్లినప్పుడు తమ్ముళ్లు నలుగురూ పక్కనే ఉన్నారు. చెయ్యి పట్టుకుని ఆపలేదు. మీ రూమ్‌లో ఎవరైనా "ఓ రెండు వేలు" అంటే, పంపే ముందు "ఎందుకురా?" అని ఒక్కసారి అడగండి.