నూరేళ్ళు నిండని కట్టడాలు

ఒకరికి నూరేళ్ళు నిండినవంటే తెలుగు పలుకుబడిలో వారి కథ ముగిసినదని అర్థము. కట్టడాల విషయంలో మాత్రం చట్టము దీనికి విపరీతంగా లెక్క వేస్తున్నది. ప్రాచీన కట్టడాల సంరక్షణకై 1958లో వెలువడిన కేంద్ర చట్టము ప్రకారము ఏ నిర్మాణానికైనా కనీసం నూరు సంవత్సరాల వయస్సు వుండవలెను. అంతకు లోపు దానికి ప్రాచీనమన్న పేరూ లేదు, ఆ పేరుతో వచ్చే రక్షణా లేదు. వేయిస్తంభాల గుడికి ఈ నియమముతో పేచీ రాదు. పేచీ అంతా మొన్న మొన్నటి వాటితోనే. తాత చూస్తుండగా లేచి, తండ్రికి కూడుపెట్టి, మనుమడు చూస్తుండగా నేలమట్టమయ్యే ఇరవయ్యవ శతాబ్దపు మిల్లులు, సభాభవనాలు, కార్మికుల ఇండ్ల వరుసలు ఏ లెక్కలోనికీ రావు.

దేవరుప్పుల ప్రాంతపు బడిపిల్లలను చరిత్ర గల స్థలాలేవని అడిగితే ఓరుగల్లు కోట, రామప్ప, పాలకుర్తి సోమన్న గుడి అని గడగడా చెప్పగలరు. తమ మండలములోనే వున్న కడవెండిని, అక్కడ 1946 జూలై 4న తుపాకిగుండుకు ఒరిగిన దొడ్డి కొమరయ్యను కూడా మరువరు. వరంగల్లులోని ఆజంజాహి మిల్లును పేర్కొనే పిల్లవాడు మాత్రం అరుదు. అది వాని తప్పు కాదు. ఉపాధ్యాయుడు వెంటబెట్టుకొని వెళ్ళినా చూపించడానికి ఆ మిల్లు లేదు.

నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1934లో స్థాపించి, తన పెద్దకుమారుడు ఆజంజా పేరు పెట్టిన నూలు మిల్లు అది. పొలము, మగ్గము తప్ప వేరొక ఆధారమెరుగని చుట్టుపట్ల పల్లెలకు షిఫ్టు, నెలజీతము, సంఘము అనే కొత్త మాటలు అక్కడినుండే నడచి వచ్చినవి. 1974లో అది జాతీయ జౌళి సంస్థ చేతికి వచ్చినది, 2002లో మూతబడినది. తరువాత కట్టడాలను కూల్చివేసి భూమిని అమ్మకానికి పెట్టినారు. నష్టాలలో కూరుకొనిపోయిన మిల్లును నడపలేకపోవడం ఒక సంగతి, అది నిలిచిన గుర్తు కూడా లేకుండా చేయడం మరొక సంగతి. చట్టము లెక్కన ఆ మిల్లుకు ప్రాచీనత వచ్చేది 2034లో. అంతదాకా ఎవరాగినారు?

మిల్లు గోడలలో శిల్పమేమున్నదని అడిగేవారుంటారు. ఆధునిక వాస్తువునకు మూలపురుషులలో ఒకడైన ల కార్బూజియే 1923లో వెలువరించిన గ్రంథములో కొత్త అందానికి ఉదాహరణలుగా చూపినవి ధాన్యపు గాదెలను, కర్మాగారాలను. అలంకారము లేని గోడ, పనికి తగిన వెలుతురు, అడ్డులేని విశాలమైన నేల, ఇవి రాజభవనాలనుండి వచ్చినవి కావు. నేడు పండితులు మెచ్చుకొనే ఆధునిక భవనాలకు మిల్లు దూరపు చుట్టము కాదు, ముత్తాత.

ఆ కార్బూజియే చేతిపని మరొక మిల్లుల నగరములో నేటికీ నిలిచివున్నది. వరంగల్లు, కరీంనగరము, నల్లగొండ సీమలనుండి పద్మశాలీలు పొట్ట చేతబట్టుకొని వెళ్ళిన అహమ్మదాబాదులో, సబర్మతి ఒడ్డున, 1954లో ఆయన మిల్లు యజమానుల సంఘానికి భవనము కట్టినాడు. వీధివైపు ఏటవాలుగా నిలిపిన కాంక్రీటు పలకలు పడమటి ఎండను ఆపుతవి, గాలిని రానిస్తవి. అక్కడి మిల్లులు 1980 తరువాత వరుసగా మూతబడినా ఈ భవనానికి ఆదరము తగ్గలేదు. శ్రీమంతులకై ఆయన అదే నగరములో కట్టిన ఇండ్లు కూడా లోకప్రసిద్ధములైనవి. నేతగాడు కాపురమున్న గది ఏ గ్రంథములోనికీ ఎక్కలేదు. అట్టి ఇరుకు గదిలో బ్రతకనివారు దానిని యథాతథంగా వుంచవలెనని వాదించడం న్యాయము కాదు. కార్మికునకు మంచి ఇల్లు రావలసినదే. అయినా వందల గదులలో ఒక్క వరుసనైనా నిలిపితే అది యజమానుల సభాభవనము చెప్పని సగము కథ చెప్పును.

వయస్సు తక్కువైనందుకే బలియైన కట్టడాలకు ఢిల్లీ ప్రగతిమైదానము సాక్షి. 1972లో రాజ్ రేవాల్ నిర్మించిన ‘హాల్ ఆఫ్ నేషన్స్’ మహాసౌధానికి అరువదియేండ్లు నిండలేదన్నారు. 2017 ఏప్రిల్‌లో పడగొట్టినారు. అంతకు ముందటి ఏడే, 2016లో, కార్బూజియే కట్టిన చండీగఢ్ రాజధాని భవన సముదాయాన్ని యునెస్కో ప్రపంచ వారసత్వముగా గుర్తించినది. దాని వయస్సు అప్పటికి సుమారు అరువదేండ్లే. ప్రపంచము ఆగని చోట ఇంటివారే ఆగుమనడం వింత.

తెలుగునాట ఇట్టివి ఇంకా లేకపోలేదు. కార్బూజియే వద్ద పనిచేసి, అహమ్మదాబాదులో ఆయన కట్టడాలను పర్యవేక్షించిన బాలకృష్ణ దోషి 1968–71 మధ్య హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషను ఉద్యోగులకై ఒక కాలనీ నిర్మించినాడు. 2018లో ఆయనకు ప్రిట్జ్‌కర్ బహుమానము వచ్చినప్పుడు పత్రికలు అహమ్మదాబాదును తలచినంతగా ఈ కాలనీని తలచలేదు. 1961లో ప్రారంభమైన రవీంద్రభారతి మెట్లు ఎక్కని సాహిత్యాభిమాని వుండడు. దానిని రూపొందించిన ఫయాజుద్దీను పేరెరిగినవారిని మాత్రం వెదకవలసి వుండును. చట్టము లెక్కకు దాని వంతు 2061.

పాత కట్టడాన్ని నిలపడము దండుగ ఖర్చని, అది ఎవరికీ అక్కరకు రాదని వినవచ్చే మాటకు సమాధానము హైదరాబాదు నడిబొడ్డుననే వున్నది. నిజాము రెండవ కుమారుని పేరిట 1935లో వెలసిన మొజంజాహి మార్కెట్టు గచ్చు పెచ్చులూడి, తీగలు వ్రేలాడి, చూచువారికి జాలి కలిగించేది. దానిని బాగుచేసి 2020 ఆగస్టులో తిరిగి తెరచినారు. దానికీ నూరేళ్ళు నిండలేదు. అన్నగారి పేరిటి మిల్లు మన్నైనది. తమ్ముని పేరిటి మార్కెట్టులో సాయంకాలమైతే ఐస్‌క్రీము దుకాణాల ముందు నిలువ చోటు దొరకదు.