నిమ్మ బిస్కెట్ కొనేముందు తొక్క సంగతి అడగండి

పై వీడియోలో ఆరు రకాల నిమ్మ బిస్కెట్లు కొని, రుచి చూసి, ప్యాకెట్ వెనక రాసింది చదివి వినిపించాం. వీడియోలో అన్నీ పూర్తిగా చెప్పడం కుదరలేదు. అందుకే నా అభిప్రాయం ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

ప్రకృతి వ్యవసాయం చేసుకునేవాళ్లకి కొట్లో బిస్కెట్ల గొడవ ఎందుకండీ అంటారేమో. మిరప కోతల రోజుల్లో కూలీలకి టీ, బిస్కెట్ ఇవ్వని చేను గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాల్లో అరుదు. మనమూ తింటాం, మన పిల్లలూ తింటారు. పైగా ఆ ప్యాకెట్ మీద ఉన్న బొమ్మ మనం పండించే కాయది. తెనాలికో గూడూరుకో నిమ్మ బస్తాలు వేసే రైతు, ఆ బొమ్మ వెనక తన కాయ ఎంత ఉందో అడగడంలో తప్పేముంది?

ముందు తీర్పు చెప్పేస్తాను. నిమ్మ తొక్క, నిమ్మ నూనె, నిమ్మ పొడి, వీటిలో ఏదో ఒకటి పదార్థాల వరుసలో పేరుపెట్టి రాసి ఉంటే ఆ బిస్కెట్ కొని తినొచ్చు. మేం విప్పిన ఆరింటిలో అలాంటివి రెండే. ఒకటి పెద్ద సూపర్ మార్కెట్లో దొరికిన వెన్న బిస్కెట్. ధర ఎక్కువే, కానీ విరిచి ముక్కు దగ్గర పెట్టుకుంటే అప్పుడే కోసిన కాయ వాసన వచ్చింది. రెండోది కొర్రపిండి బిస్కెట్. కాస్త గట్టిగా ఉంది, టీలో ముంచితే బాగుంది. మిగతా నాలుగూ తీపి బిస్కెట్లే. వాటిని తినొద్దని నేను అనను, వాటిలో నిమ్మ ఉందని మాత్రం అనుకోవద్దు.

పది రూపాయల క్రీమ్ బిస్కెట్ సంగతి చూడండి. లేబుల్ మీద పదార్థాలను బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకి వరుసగా రాయాలనేది మన దేశంలో నిబంధన. మేం కొన్నదాంట్లో మైదా, పంచదార, పామాయిల్ ముందు వరుసలో ఉన్నాయి. చివరికొచ్చేసరికి ఐ.ఎన్.ఎస్. 330 అని ఒక నంబరు, ఆ తర్వాత ఫ్లేవర్ అని ఒక మాట. ఆ 330 అంటే సిట్రిక్ యాసిడ్. పులుపంతా అదే. చాలామంది దాన్ని నిమ్మ ఉప్పు అంటారు కాబట్టి నిమ్మ నుంచే తీస్తారనుకుంటారు.

ఒకప్పుడు నిజంగానే నిమ్మ నుంచే తీసేవాళ్లు. స్వీడన్ రసాయన శాస్త్రవేత్త షీలే 1784లో నిమ్మరసం నుంచి దీన్ని మొదటిసారి స్ఫటికాలుగా వేరు చేశాడు. తర్వాత చాలా ఏళ్లు ఇటలీ నిమ్మ తోటలే ప్రపంచానికి ఈ పులుపు అందించాయి. మొదటి ప్రపంచ యుద్ధంతో ఆ సరఫరా దెబ్బతింది. 1917లో అమెరికాలో జేమ్స్ కర్రీ అనే ఆయన, పంచదార ద్రావణం మీద ఆస్పర్‌జిల్లస్ నైజర్ అనే నల్ల బూజును పెంచితే సిట్రిక్ యాసిడ్ దండిగా తయారవుతుందని చూపించాడు. రెండేళ్లలో ఫైజర్ కంపెనీ ఆ పద్ధతిలో ఉత్పత్తి మొదలుపెట్టింది. ఇటలీ రైతు వ్యాపారం అక్కడితో పడిపోయింది. ఇప్పటికీ పద్ధతి అదే, మొలాసిస్ మీదో మొక్కజొన్న గ్లూకోజు మీదో బూజును పెంచుతారు. వేరుశనగ వేసినవాళ్లకి ఈ బూజు బాగా తెలుసు. మొలక దశలో మొక్కను పడగొట్టే మొదలుకుళ్లు తెగులు దీనివల్లే వస్తుంది. చేలో మనం ట్రైకోడెర్మా వేసి తరిమేదాన్ని ఫ్యాక్టరీలో ట్యాంకుల్లో పెంచుతున్నారన్నమాట! తయారైన యాసిడ్ శుద్ధమైనదే, హాని ఏమీ లేదు. కాకపోతే నిమ్మ రైతుకి దానివల్ల రూపాయి రాదు.

ఇక వాసన. ప్యాకెట్ మీద 'నేచర్ ఐడెంటికల్' అనే మాట కనపడుతుంది. మనవాళ్లు 'నేచర్' దగ్గరే చదవడం ఆపేస్తారు. ప్రకృతిలో ఉండే అణువునే ఫ్యాక్టరీలో తయారు చేశామని దాని అర్థం. నిమ్మ వాసనకి ముఖ్యమైనది సిట్రాల్. అది నిమ్మ తొక్కలో కొద్దిగా ఉంటుంది, నిమ్మగడ్డి నూనెలో అయితే ఎక్కువ భాగం అదే. ఫ్యాక్టరీలోనూ తయారవుతుంది. మూడింటి వాసనా దగ్గరదగ్గరగా ఉంటుంది, కానీ తొక్క వాసనలో సిట్రాల్ ఒక్కటే కాదు, ఇంకా చాలా ఉంటాయి. ఫ్లేవర్ బిస్కెట్ మొదటి ముక్కకి బ్రహ్మాండంగా ఉండి, మూడో ముక్కకి గిన్నెలు తోమే సబ్బు గుర్తుకు రావడానికి కారణం అదేనని నా అనుమానం.

ఇంకో చిన్న తేడా ఉంది. ప్యాకెట్ మీది బొమ్మలో పసుపుపచ్చగా, చివర మొనతేలి, మందపు తొక్కతో ఉండేది విదేశీ లెమన్. మనది కాగ్జీ నిమ్మ, పలచటి తొక్క, వాసన ఘాటు. అమెరికా నుంచి వచ్చే మన పిల్లలు లెమన్ ఓరియోలు తెస్తుంటారు, అక్కడ గర్ల్ స్కౌట్ పిల్లలు 2020 నుంచి లెమన్-అప్స్ అనే బిస్కెట్లు అమ్ముతున్నారు. అవన్నీ ఆ లెమన్ రుచి మీద కట్టినవి. మన కాయ రుచితో పేరున్న బిస్కెట్ ఇంతవరకు నా కంటపడలేదు. తింటే వాళ్లే అడిగి కొనుక్కుంటారు.

బిస్కెట్‌లోకి నిమ్మ రావాలంటే రసం కాదు, తొక్క రావాలి. రసం పిండిలో కలిపితే వంటసోడాతో కలిసి పులుపు విరిగిపోతుంది, పైగా ఆ తడికి బిస్కెట్ మెత్తబడుతుంది. వాసనంతా తొక్క పైపొరలో చిన్న చిన్న నూనె తిత్తుల్లో ఉంటుంది. ఆ పైపొరను మాత్రం తురమాలి. కింద తెల్లపొర వచ్చిందా, చేదు. తురుమును ముందు పంచదారలో వేసి వేళ్లతో బాగా రుద్దితే నూనె పంచదారకి పట్టుకుంటుంది, ఓవెన్ వేడికి కొంత పోయినా కొంత నిలుస్తుంది. రంగు చూసి కూడా చెప్పొచ్చు. తొక్క వేసిన బిస్కెట్‌లో అక్కడక్కడా ఆకుపచ్చ, గోధుమరంగు చుక్కలు ఉంటాయి. మొత్తం నిమ్మపండులా పచ్చగా మెరిసిపోతుంటే అది రంగు వేసిందే. బేకరీల్లో సీసాల్లో పోసి అమ్మేవి చాలావరకు ఇలాంటివే. వాటికి లేబుల్ ఉండదు, కాబట్టి అడగండి. చెప్పకపోతే కొనకండి.

తొక్క అన్నప్పుడే మనలాంటి రైతులకి అసలు విషయం మొదలవుతుంది. మందు కొట్టేది కాయ మీద. కొట్టింది నిలిచేది తొక్క మీద. గజ్జి తెగులుకి స్ట్రెప్టోసైక్లిన్, కాపర్ ఆక్సీక్లోరైడ్ కొడతారు, మంగు నల్లికి ఇంకేదో కొడతారు. రసం పిండుకుని తొక్క పారేస్తే మనిషికి చేరేది కొంతే. తొక్క తురిమి పిండిలో కలిపితే ఉన్నదంతా లోపలికే. యూరప్‌లో నిమ్మ, నారింజలకి కోత తర్వాత మందు రాసి ఉంటే ఆ సంగతి లేబుల్ మీద చెప్పాలి. కేకుల్లో తొక్క వేసుకునే ఆడవాళ్లు మందు తగలని కాయ కావాలని వెతికి, ఎక్కువ ధర పెట్టి కొంటారు. ప్రకృతి వ్యవసాయంలో పండిన నిమ్మకి, మామూలు నిమ్మకి రసంలో తేడా చూపించమంటే మనకి కష్టం. తొక్కలో తేడా చూపించడం తేలిక. మన నిమ్మకి మంచి ధర అడగగలిగే చోటు ఏదైనా ఉందంటే అది ఇదేనని నా నమ్మకం.

అలాగని 'మాది ప్రకృతి వ్యవసాయం, తొక్క కూడా తినేయండి' అని స్టాలు పెట్టి అమ్మేవాళ్లని చూస్తే నాకు భయం వేస్తుంది. మనం కొట్టే వాటిలో ఏముందో ఒకసారి గుర్తుచేసుకోండి. అగ్నాస్త్రంలో పొగాకు వేస్తాం. అందులో నికోటిన్ ఉంది. టంగుటూరు, కొండపి వేలం కేంద్రాలకి బేళ్లు తోలే ప్రకాశం రైతుకి పొగాకు గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. పొద్దున్నే మంచు తడి మీద ఆకు రెలిచినవాళ్లకి కళ్లు తిరిగి వాంతులు కావడం ఆ ఊళ్లలో ఎరిగినదే, చర్మం గుండా ఎక్కే నికోటిన్ పని అది. దశపర్ణిలో చాలామంది ఉమ్మెత్త ఆకు వేస్తారు. ఉమ్మెత్త విషమని చిన్నపిల్లాడికి కూడా తెలుసు. ఆవు మూత్రం, పేడ కలిసిన ద్రావణాలు కాయ మీద పడితే క్రిములు కూడా ఉంటాయి. ఇవి ఎండకి, వానకి రసాయనాల కంటే తొందరగా విరిగిపోవచ్చు. కానీ తొక్క తినిపించాలనుకున్న చెట్టుకి పొగాకు, ఉమ్మెత్త కలిసిన కషాయం అసలు కొట్టకూడదనేదే నా పట్టుదల. పుల్ల మజ్జిగతో, నీమాస్త్రంతో సరిపెట్టుకోండి, అదీ కోతకు కనీసం పదిహేను రోజుల ముందు ఆపేయండి. మంగు పట్టి కొన్ని కాయలు నల్లబడతాయా, పడనివ్వండి. ఆ కాయ రసానికి వెళుతుంది.

రెండో చిక్కు పక్క చేనుది. మన మైదానాల్లో నిమ్మ చాలాచోట్ల తోట కాదు, గట్టు మీద రెండు చెట్లు. గట్టుకి అవతల మిరప. 2021లో నల్ల తామర పురుగు వచ్చి గుంటూరు, పల్నాడు మిరపను ఊడ్చేసిన దగ్గర్నుంచి ఆ చేలల్లో కొట్టే మందుల లెక్క మీకు తెలుసు. గాలివాటున వచ్చే ఆ తుంపర మన గట్టు చెట్టు మీదే పడుతుంది. జీవామృతం మనం పోసినా, తొక్క మాత్రం పక్కవాడిదే! ఇలాంటి చెట్టు కాయ ఇంట్లో రసానికి వాడుకోండి. తొక్క అమ్మాలంటే చేను లోపల, కనీసం ఇరవై ముప్పై అడుగులు ఎడంగా, మధ్యలో జొన్నో సజ్జో దట్టంగా కంచెలా వేసిన చోటి చెట్టు కావాలి. కొర్ర బిస్కెట్ తయారుచేసిన మహిళా సంఘాన్ని ఫోన్లో ఇదే అడిగాను. ఏ ఊరి నిమ్మో, ఏం కొడతారో తడుముకోకుండా చెప్పారు. ఆ బిస్కెట్‌కి నా ఓటు పడింది రుచి కంటే ఆ జవాబు వల్ల.

మనవైపు ఇంకో సంగతీ చెప్పాలి. ఆర్గానిక్ షాపులో కొన్న ఇంకొక 'చిరుధాన్యాల నిమ్మ బిస్కెట్' లేబుల్‌లో మొదటి పదార్థం మైదా, రెండోది పంచదార, చిరుధాన్యాల పిండి నాలుగోది. నిమ్మ పేరు లేదు, ఫ్లేవర్ ఉంది. ముందువైపు మాత్రం ఆవు బొమ్మ. పెద్ద కంపెనీ చేస్తే మోసం, మనవాళ్లు చేస్తే ప్రోత్సాహం అనడం నాకు రాదు. 'సేంద్రియ' అనే మాట ప్యాకెట్ మీద వేయాలంటే ఎన్‌పీఓపీ గానీ పీజీఎస్ గానీ ధ్రువీకరణ ఉండాలనేది 2017 నాటి నిబంధనల్లోనే ఉంది. ఆ ధ్రువీకరణ గుర్తు ఉందేమో వెతకండి, లేకపోతే కొట్టువాడినే అడగండి.

తొక్క వేస్తే ఖర్చు పెరిగిపోదా అని వీడియో తీసేటప్పుడు ఒకరు అడిగారు. ఇంట్లో చేసి చూసిన లెక్క చెబుతాను. కిలో బిస్కెట్లకి పది పన్నెండు కాయల తొక్క సరిపోయింది, అంటే అర కిలో నిమ్మ. కిలో పది రూపాయలకి పడిపోయిన రోజుల్లో అది ఐదు రూపాయలు. కిలో వంద ఉన్నా యాభై రూపాయలే, పైగా రసం మనకే మిగులుతుంది. అదే చేతి వెన్నతో చేస్తే వెన్నకే అంతకు ఎన్నో రెట్లు అవుతుంది. కంపెనీలు తొక్క వేయకపోవడానికి కారణం ధర ఒక్కటే కాదు. ఏడాది పొడుగునా ఒకే వాసన, ఒకే నాణ్యత ఉన్న తొక్క టన్నుల కొద్దీ కావాలి, అది చెట్టు ఇవ్వదు. ఆ కష్టం వాళ్లది. నెలకి యాభై కిలోలు చేసే సంఘానికి ఆ కష్టం లేదు.

పండు బిస్కెట్ల సంగతి గుర్తుందా? హైదరాబాద్‌లో 1953లో మొదలైన కరాచీ బేకరీకి పేరు తెచ్చింది ఫ్రూట్ బిస్కెట్టే. ఆ రకం బిస్కెట్లలో రంగురంగుల టుట్టీఫ్రూటీ ముక్కలు సాధారణంగా పచ్చి బొప్పాయివి. పాకంలో ఉడికించి ఆరబెట్టిన పచ్చి బొప్పాయికి బిస్కెట్‌లో అంత చోటు దొరికినప్పుడు, నిమ్మ తొక్కకి దొరకదా? పాకం పట్టిన నిమ్మ తొక్క ముక్కలు నెలల తరబడి నిలవుంటాయి, తురుముకున్న ఇబ్బంది ఉండదు. చేదు పోవడానికి రెండుమూడుసార్లు నీళ్లు మార్చి ఉడికించాలి, అంతే.

నిమ్మ ధర సంగతి మీకు తెలియనిది కాదు. 2022 ఏప్రిల్‌లో చాలా నగరాల్లో కిలో 200 రూపాయలు దాటింది. వానలు పడి కాయ దిగుబడి పెరిగేసరికి కోత కూలి కూడా రాక చెట్టుకే వదిలేసిన ఏళ్లూ ఉన్నాయి. కాబట్టి వర్షాకాలంలో ధర పడిపోయిన వారం రెండు మూడు కిలోల మంచి కాయ ఏరి, గోరువెచ్చని నీళ్లలో కడిగి, పైతొక్క తురిమి సగం పంచదారలో రుద్ది మూతగట్టి సీసాలో పెట్టండి, మిగతా సగం నీడలో ఆరబెట్టండి. ఏది ఎన్నాళ్లు వాసన నిలుపుకుందో తారీఖు వేసి రాసుకోండి. వచ్చే వీడియోలో మా సీసాలు కూడా పక్కన పెట్టి చూద్దాం. వేసవిలో మాత్రం తొక్క, తురుము అని కూర్చోకుండా కాయ తెనాలికి తోలేయండి.