నక్కా, గుంటనక్కా?
ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఓ పిల్లల కథల పుస్తకం కొని, నాంపల్లి స్టేషన్ వైపు నడుస్తూ తిరగేశాను. బొమ్మలో గుబురు తోక ఎర్ర ఫాక్స్, కింద ‘నక్క’ అని అచ్చు. మనసొప్పలేదు. పంచతంత్రంలోని కరటక దమనకులు నక్కలు. ద్రాక్షపళ్లకు ఎగిరిన ఈసపు కథలోని జంతువు వేరు. దాని లాటిన్ పేరు వుల్పెస్. అదే ఇటాలియన్‌లో వోల్పె, రుమేనియన్‌లో వుల్పె. ఫ్రెంచివాళ్లు మాత్రం ఆ లాటిన్ వేరు నుంచి వచ్చిన ‘గుపీ’ని వదిలేసి, మధ్యయుగపు కథల్లో రెనార్ అనే పాత్ర పేరునే జంతువుకు పెట్టుకున్నారు. కథకు అంత బలం! మన మెట్టల్లో బొరియలు తవ్వుకునే వుల్పెస్ బెంగాలెన్సిస్‌ని తెలుగువాడు గుంటనక్క అన్నాడు. ఎంత నిక్కచ్చి చూపు! ఆ మాటను తిట్లకు వదిలేశాం, పిల్లల బొమ్మ కింద మాత్రం అచ్చువేయం.