లెక్కకు అందని ఆనందం

మతజీవితంలో కూడ మనం మార్కులు వేసికొంటాము. ఎన్ని ఉపవాసాలున్నాము, ఎంత పారాయణ చేశాము, ఎవరికి ఏమిచ్చాము అని మనస్సు లోలోపల పద్దు వ్రాస్తూనే ఉంటుంది. ఈ అలవాటు ఏ ఒక్క మతానికీ సొంతం కాదు. అయితే దీనిని పరాకాష్ఠకు తీసికొనిపోయి, దాని నిష్ఫలత్వాన్ని తన బ్రతుకులోనే చూచినవాడు జాన్ వెస్లీ. ఆయన కూడ అధ్యాపకుడే కావడంచేత మన ఉపాధ్యాయులూ విద్యార్థులూ ఆయన చరిత్ర తెలిసికొనదగినదని నా అభిప్రాయం.

వెస్లీ 1703లో ఇంగ్లండులో ఒక మతాచార్యుని ఇంట జన్మించాడు. 1726లో ఆక్స్‌ఫర్డు లింకన్ కళాశాలలో ఫెలో అయి గ్రీకుభాష బోధించాడు. తమ్ముడు చార్లెస్ మొదలైనవారితో కూడి నియమబద్ధమైన జీవితం గడిపాడు. వారానికి రెండు దినాలు ఉపవాసం, చెరసాలలోని ఖైదీలకు పరామర్శ, బీదపిల్లలకు చదువు. తోటివారు వేళాకోళంగా వీరిని ‘మెథడిస్టులు’, అనగా పద్ధతివాళ్లు, అన్నారు. ఆ వెక్కిరింతయే తరువాత ఒక మహాసంఘానికి పేరైనది. దినచర్య పుస్తకంలో వెస్లీ తన భక్తి ఏ గంటలో ఏపాటి తీవ్రంగా ఉన్నదో అంకెలతో గుర్తు వేసికొనేవాడు. ఇంతటి నిక్కచ్చి పద్దు మన కరణాలు కూడ వ్రాసి ఉండరు!

ఇంత చేసినా ఆయనకు శాంతి లేదు. 1736 జనవరిలో, అమెరికాకు పోతూండగా, సముద్రంలో తుపాను రేగింది. ఓడలోని ఇంగ్లీషువారు కేకలు పెట్టారు. మొరేవియన్ సంఘానికి చెందిన జర్మనులు మాత్రం ఆపకుండ కీర్తన పాడుకొంటూనే ఉన్నారు. మీ స్త్రీలూ పిల్లలూ భయపడలేదా అని తరువాత వెస్లీ వారిలో ఒకరిని అడిగితే, వారికి చావంటే భయం లేదని జవాబు వచ్చింది. నియమాలన్నీ పాటించిన పండితునికి లేని ధైర్యం వారికి ఎక్కడిది?

1738లో ఆయన విఫలుడై తిరిగివచ్చాడు. ఆ సంవత్సరం మే 24వ తేదీ సాయంకాలం, లండనులోని ఆల్డర్స్‌గేట్ వీథిలో జరిగే ఒక కూటానికి అయిష్టంగానే వెళ్లాడు. అక్కడ ఎవరో రోమా పత్రికకు లూథరు వ్రాసిన పీఠికను చదువుతున్నారు. ఆ లూథరు కూడ ఒకప్పుడు మఠంలో చేరి తపస్సుతో దేవుని మెప్పించబోయి అలసినవాడే. వింటూండగా, తాను నమ్మవలసినది తన సాధనను కాదనీ, క్రీస్తునే అనీ వెస్లీ హృదయానికి తోచింది. మన వైష్ణవులు మర్కటకిశోర, మార్జాలకిశోర న్యాయాలని చెబుతారు. కోతిపిల్ల తల్లిని తానే పట్టుకొనాలి. పిల్లికూనను తల్లియే నోట కరచుకొనిపోతుంది. రెండు సంప్రదాయాలూ ఒకటి కావు గాని, ఆ రాత్రి వెస్లీకి కలిగిన ఊరట ఏపాటిదో ఈ ఉపమానంతో మనకు కొంత బోధపడుతుంది.

కృప ఉచితమైతే మనుష్యుడు సోమరి కాడా అని ఉపాధ్యాయుడెవరైనా అడుగుతాడు. న్యాయమైన ప్రశ్నయే. వెస్లీ మాత్రం సోమరి కాలేదు. 1791లో మరణించేవరకు ఊరూరా తిరిగి బోధిస్తూనే ఉన్నాడు. పని తగ్గలేదు, పని చేసే మనిషి మారాడు. పూర్వం తనకున్నది సేవకుని విశ్వాసమనీ, కుమారుని విశ్వాసం కాదనీ తరువాత ఆయనే విడమరచి చెప్పాడు. సేవకునికి జీతం మీద దిగులుంటుంది. కుమారునికి ఇల్లు ముందే ఉన్నది.

అంతమాత్రాన ఆ ఆనందం ఆయనను ఎన్నడూ విడువలేదనుకొనరాదు. 1739 జనవరిలోనే తాను క్రైస్తవుడను కానని దినచర్యలో వ్రాసికొన్నాడు. నాకు ఈ మాట ఆయన చరిత్రలో అన్నింటికంటె విలువైనదిగా తోస్తుంది. నేడు ఎంత ఆనందించాను అని కొలవబోతే ఆనందం కూడ మరొక పద్దే అవుతుంది. పాత పుస్తకమే మళ్లీ తెరుచుకొంటుంది.

అదే సంవత్సరం ఏప్రిలులో ఆయన బ్రిస్టల్ నగరం వద్ద ఆరుబయట నిలిచి బోధించడం మొదలుపెట్టాడు. సమీపాన కింగ్స్‌వుడ్‌లోని బొగ్గుగని కూలీలు కూడ ఆయన మాటలు విన్నారు. ఉపవాసాల లెక్క గాని, గ్రీకు పాండిత్యం గాని వారికేదీ లేదు. ఆక్స్‌ఫర్డు నాటి వెస్లీ దగ్గర వారికి ఇవ్వదగినది ఏమున్నది?

ఆ పరంపరకు చెందిన వెస్లియన్ మిషనరీలు నిజాము రాజ్యానికి కూడ వచ్చారు. వారిలో చార్లెస్ పాస్నెట్ కట్టించిన మెదకు చర్చి 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠితమైనది. మన బడిపిల్లలు విహారయాత్రకు పోయి దాని శిఖరాన్నీ రంగుటద్దాలనూ చూచి వస్తారు. ఆ ప్రాంతంలో ఆ సంఘంలో చేరినవారు అత్యధికంగా మాలమాదిగలు. గుడి వాకిలి దాటనీయక, వెట్టి చేయించుకొని, పుణ్యం సంపాదించే దారి కూడ లేకుండ చేసిన సమాజం వారిది. తరతరాలుగా చాకిరి పేరుతోనే పిలువబడినవారికి, నీవు సేవకుడవు కావు, కుమారుడవు అన్న మాట ఎలా వినిపించి ఉంటుందో ఆ చర్చి మెట్ల మీద కూర్చుని పిల్లల చేత ఆలోచింపజేయవచ్చును.