పటాలం మామ బిళ్ళ

పోయిన నెల ఈ పుటలో దస్తావేజులలో పేర్లు తప్పుగా పడడం గురించి వ్రాసినందుకు నాకు మంచి శాస్తి జరిగింది. నలుగురైదుగురు పాఠకులు కాగితాల సంచులతో సహా మా ఇంటికే వచ్చినారు. గుమాస్తాకు ఆదివారమని ఒకటి వేరే ఉండదా అని మా ఇంటావిడ సణిగినది కాని, అందరికీ టీ మాత్రం ఇచ్చినది. వచ్చినవారిలో ఒకరి సంగతి ఈ నెల మీతో చెప్పుకోవలెనని ఉన్నది. వారి అనుమతితోనే వ్రాస్తున్నాను. పేరు వద్దన్నారు. ఊరంతా వారిని పటాలం మామ అంటుంది, మనకూ అదే చాలు.

మన్నాఏఖేళ్ళికి పటాలం కొత్త కాదు. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం మీదికి వచ్చిన భారత సేన షోలాపూరు నుండి ఈ రోడ్డు పట్టుకొనే పోయినది. ఆ సంగతులు మా పెద్దలు చెప్పగా విన్నవాళ్ళం. బీదరులో వైమానిక దళం వారి కేంద్రం ఉండడం చేత విమానాల మోత కూడా మనకు అలవాటే. అయితే రోడ్డు మీద పోయే సైన్యాన్ని చూడడం వేరు, మన ఇంటి పిల్లవాణ్ణి అందులోకి పంపడం వేరు. మామ పంపబడినవాడు. పొలం అన్నదమ్ములకు చాలక పోయినాడని కొందరు, తండ్రితో పోట్లాడి పోయినాడని కొందరు అంటారు. మామ నడిగితే రెండూ నిజమే అంటాడు.

1987 జులై 29న శ్రీలంకతో ఒప్పందమైన తరువాత మన శాంతి సేన ఆ ద్వీపానికి వెళ్ళింది. పేరుకు శాంతి సేన అయినా, ఆ అక్టోబరు నుండి పులులతో నిజమైన యుద్ధమే చేయవలసి వచ్చింది. 1990 మార్చిలో చివరి దళం తిరిగి వచ్చేనాటికి సుమారు 1,200 మంది మన జవానులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. గాయపడినవారు అంతకంటె ఎక్కువ. ఆ గాయపడినవారిలో మామ ఒకడు. జాఫ్నా దగ్గర ఎడమ తొడలోకి గుండు దిగింది. ఏ రెజిమెంటో ఇక్కడ వ్రాయను.

ఈ ముప్పై ఎనిమిదేండ్లలో మామ ఆ గాయాన్ని గురించి ఎవరితోనూ చెప్పుకున్నవాడు కాదు. చలికాలంలో కుంటేవాడు, అంతే. మొన్న జనవరి 26న ఒక బడిలో జెండా పండుగకు మాజీ సైనికులను పిలిచినారు. ప్రక్కన కూర్చున్న మరొక ముసలి జవాను రొమ్ము మీద పతకాలలో తనకు లేనిది ఒకటి మామకు కనిపించింది. ఇదేమిటని అడిగితే, “గాయమైనోళ్ళకు ఇచ్చేది. నీకు రాలేదా?” అన్నాడట. మామ ఆ రాత్రి నిద్ర పోలేదని అత్తమ్మ చెప్పింది.

దానిని ఊండ్ మెడల్ అంటారు. హిందీలో పరాక్రమ్ పదక్. 1973లో ఏర్పాటైనది. వీరచక్ర వంటివి రావాలంటే ఎవరైనా అధికారి చూచి సిఫార్సు చేయవలె. దీనికి సిఫార్సుతో పని లేదు. శత్రువు చేసిన చర్య వలన నేరుగా గాయపడినట్లు రికార్డు ఉంటే అది ఆ జవాను హక్కు. అమెరికా వారి పర్పుల్ హార్ట్ కూడా ఇటువంటిదే. వాషింగ్టన్ 1782లో పెట్టిన ఒక బిళ్ళను 1932లో ఆ పేరుతో తిరిగి తెచ్చినారు. ఇంగ్లీషువారు మొదటి యుద్ధంలో, 1916 నుండి, గాయపడినవానికి చొక్కా చేతి మీద ఒక చిన్న బంగారు రంగు పట్టీ కుట్టుకొనే హక్కు ఇచ్చినారు. బిళ్ళ అనండి, పట్టీ అనండి, బజారులో దాని ఖరీదు ఎంత?

నేనూ ఆ మాటే తెలివితక్కువగా మామతో అన్నాను. “దీనితో పింఛను పెరగదేమో మామా” అని.

“పింఛను వస్తున్నది, తింటున్నం అల్లుడా. పైసలు అడుగుతలేను. గోలి తాకింది నాకు. ఆ బిళ్ళ ఎవని పెట్టెల పడి ఉన్నదో అది అడుగుతున్న” అన్నాడు.

డిశ్చార్జి బుక్కు తెరిచి చూస్తే చిక్కు తెలిసింది. అందులో ‘ఎడమ తొడకు గాయం’ అని ఉన్నది కాని, ఎట్లా అయినదో లేదు. లారీ మీది నుండి పడినా గాయమే, గుండు తగిలినా గాయమే. బ్యాటిల్ క్యాజువాల్టీ అనే రెండు మాటలు ఉంటే కథ వేరు. మామను ఒక ఆస్పత్రి నుండి మరొక ఆస్పత్రికి మార్చినారు, తరువాత వేరే చోటికి బదిలీ చేసినారు. కాగితాలు మనిషి వెంట పరుగెత్తలేక ఎక్కడో ఆగిపోయినవి. దఫ్తరులో ఇరవై ఏండ్లుగా కూర్చున్నవాణ్ణి, ఇది నాకు ఆశ్చర్యం కలిగించలేదు. మీ ఇండ్లలో మాజీ సైనికులుంటే ఒకసారి వారి బుక్కు చూడండి. సందేహముంటే సమాచార హక్కు చట్టం క్రింద పది రూపాయల రుసుముతో వారి రికార్డు ఆఫీసును నకళ్ళు అడగవచ్చును. మద్రాసు రెజిమెంటు వారికి వెల్లింగ్టన్, మద్రాసు శాపర్లకు బెంగళూరు, ఇట్లా ఎవరి కేంద్రం వారికుంటుంది. ఆలస్యం చేసినకొద్దీ సాక్షులు తగ్గిపోతారు.

మామకు సాక్షులు ఇప్పటికే లేరు. అప్పటి కంపెనీ దొర ఎక్కడున్నాడో తెలియదు. ప్రక్కనున్న ఇద్దరిలో ఒకడు అక్కడే పోయినాడు. “ఇక వదిలెయ్యరాదు” అని ఆయన కొడుకే అన్నాడు. నేను కూడా కలం మూసినాను.

అంతవరకు గుమ్మం దగ్గర కూర్చుని ఉన్న అత్తమ్మ లేచి, ఏమీ చెప్పకుండా ఇంటికి పోయి, అరగంటకు తిరిగి వచ్చింది. చేతిలో నాలుగు మడతల కాగితం. మడతల దగ్గర చిల్లులు పడినవి, ఒక మూల పసుపు మరక. అది 1987లో వచ్చిన తార్. దేవుని గూటిలో పసుపు డబ్బా కింద ఇన్నేండ్లు పెట్టి ఉంచిందట.

“తార్ వచ్చిందంటే ఎవరో పోయినట్టే గద. పోస్టాయన నా చేతుల పెడితే నేను కింద కూసున్న. బళ్ళె పంతులు చదివి, బతికే ఉన్నడమ్మా అన్నడు. అంతే ఇన్న. మిగిలింది నాకెందుకు?”

మిగిలినది నేను చదివినాను. మామ నంబరు, పేరు, శత్రువు కాల్పులలో ఎడమ తొడకు గుండు గాయం, ఆస్పత్రిలో చేర్పించినారు, ప్రాణాపాయం లేదు. మామకు ఇంగ్లీషు అంతగా రాదు. తెలుగులో చెప్పినాను. మరల చెప్పమన్నాడు. మరల చెప్పినాను. ఆయనకు ఈ తార్ వచ్చిన సంగతే తెలియదు.

“ఎందుకు చెప్పలేదే?” అన్నాడు.

“ఏం చెప్పాలె? నువ్వొస్తివి గద.”

తారీఖు మీదనే పసుపు మరక పడి ఒక అంకె కనిపించలేదు. కాగితం తిప్పి చూస్తే తపాలా వారి గుండ్రని మోహరు శుభ్రంగా ఉన్నది. అక్టోబరు 1987. గుమాస్తా జన్మలో ఒక మోహరును చూచి నేనింత సంతోషించినది లేదు.

దరఖాస్తు ఒక్క పుటలో ముగించినాను. పొగడ్తలు, దీనాలాపాలు పెట్టలేదు. నంబరు, తేదీలు, గాయం, ఆధారం, కోరిక. రిజిస్టరు పోస్టును స్పీడు పోస్టులో కలిపినారు గనుక స్పీడు పోస్టులోనే పంపినాము. నెలన్నరకు జవాబు వచ్చింది. నకలు అందినది, పరిశీలనకు అసలు తార్ పంపవలెను అని.

అత్తమ్మ పంపనన్నది. మామ బతిమాలినాడు, కొడుకు కోపగించినాడు, నేను చట్టం చెప్పినాను. “బిళ్ళ రాకుంటే రాకపాయె. ఇది మాత్రం ఇయ్య” అన్నది. మామ కాసేపు ఆమె మొగం చూచి, “సరే తియ్, నకలే పంపు అల్లుడా” అన్నాడు.

హెడ్మాస్టరు గారి చేత నకలు మీద రెండు వైపులా, మోహరుతో సహా, సంతకం చేయించి, అసలును వచ్చి చూడదలచితే ఇంటి దగ్గర చూపగలమని ఒక పంక్తి చేర్చి, పోయిన శుక్రవారం మరల పంపినాను. తార్ తిరిగి పసుపు డబ్బా కిందికే చేరింది. ఈసారి ప్లాస్టిక్ కవరు తొడిగినాము. జవాబు వచ్చిన నెలలో వ్రాస్తాను.